నిమ్మకాయ ఎటు దొర్లితే అటు

వాల్పరైసోలో మా ఇల్లు
కొండను కరుచుకుని వేలాడుతుంది,
చంకబిడ్డలా.
కట్టినవాడు ఓడల వడ్రంగి.
నేల సమంగా ఉండాలన్న పట్టింపు
వాడికెందుకుంటుంది?

హాలుకు ఏడు మూలలు.
లెక్క తప్పలేదు,
నా కుట్టు టేపుతో రెండుసార్లు కొలిచాను.
ఏ గోడకూ జత గోడ లేదు.
నడిమధ్య ఒక స్తంభం.
పిలవని పేరంటానికొచ్చి
ఎవరూ కూర్చోమనక
అలాగే నిలబడిపోయినట్టు.

తలుపులు మూడు.
ఒకటి వంటింట్లోకి, ఒకటి మెట్ల మీదికి,
మూడోది గాలిలోకి.
దాని అవతల ఒకప్పుడు బాల్కనీ ఉండేదట.
భూమి ఒళ్ళు విరుచుకున్న ఏదో రాత్రి
బాల్కనీ దిగి వెళ్ళిపోయింది,
తలుపు ఉండిపోయింది.
నాలుగు మేకులు కొట్టి
నీలం రంగు వేశాడు మా మామగారు.

సోఫా ఆ తలుపుకు ఆనిస్తే అతికినట్టుంటుంది.
బెత్తెడు మిగలదు, బెత్తెడు తగ్గదు.
"అక్కడ వద్దు" అంటాడు నిబాల్దో.
ఎందుకు?
"తలుపు కదా."
తెరుచుకోదుగా?
"తలుపే కదా."

సరే, సోఫా గదంతా ఊరేగింది.
కిటికీ కింద వేస్తే ఎండకు వెలిసింది.
స్తంభం పక్కన వేస్తే
అటొకరు ఇటొకరు కూర్చుని
ఒకరికొకరం కనపడం.
(పోట్లాడుకున్న వారం అది బాగానే ఉంది.)
వంటింటి వైపు జరిపితే
సూప్ గిన్నెతో వచ్చే మనిషి
పీతలా పక్కకు నడవాలి.
సాయంత్రానికి నడుములు పడిపోయాక చూస్తే
ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.
ఇక లాభం లేదని
సోఫాకు నాలుగు చక్రాలు బిగించాను.

ఆడపడుచు ఒర్తెన్సియా సలహా ఇచ్చింది:
"పెద్ద అద్దం పెట్టు, గది రెట్టింపవుతుంది."
అయింది.
పధ్నాలుగు మూలలు, రెండు స్తంభాలు,
తెరుచుకోని తలుపులు రెండు.
దుప్పటి చుట్టి
అద్దాన్ని ఆమె ఇంటికే సాగనంపాను.

నేను దర్జీదాన్ని.
ఒక భుజం జారిన రేవు క్రేన్ డ్రైవరుకూ,
వెన్ను వంగిన చర్చి గంటల ముసలాయనకూ
పండగ కోట్లు కుట్టాను.
ఒంటిని ఇస్త్రీ చేయలేం,
గుడ్డనే కత్తిరించుకోవాలి.
కొట్లో చేతులకు తెలిసిన ఆ సంగతి
ఇల్లు చేరేసరికి మరిచిపోయేదాన్ని.

ఇరుకు మూలకు మూడు కాళ్ళ బల్ల చేయించాను,
మూల ఎంత వంకరో బల్లా అంత వంకర.
స్తంభం చుట్టూ మేకులు దిగ్గొట్టి
టోపీలు, గొడుగు, ఉల్లిపాయల జడ తగిలించాను.
పేరంటానికొచ్చింది కదా, కాస్త పని చేయనీ.
అలమారా కాళ్ళ కింద
తగలని లాటరీ టికెట్లు మడిచి దూర్చాను.
నిబాల్దో ఇన్నేళ్ళ అదృష్టం మొత్తం కలిపి
వేలెడు ఎత్తు.

మంగళవారం రాత్రి చిన్న కుదుపు.
గిన్నెలు గుసగుసలాడాయి, దీపం ఊగింది.
మంచం దిగలేదు మేము.
ఈ ఊళ్ళో అంత చిన్నదానికి ఎవరూ దిగరు.

పొద్దున చూస్తే
బల్ల రెండు వేళ్ళు జరిగింది,
అలమారా పక్కకు ఒరిగింది,
సోఫా మాత్రం
నీలం తలుపుకు జానెడు దూరంలో,
అప్పు అడగడానికొచ్చి
తట్టడానికి మొహమాటపడే మనిషిలా ఆగి ఉంది.

నిబాల్దో ఏమీ అనలేదు.
దాన్ని వెనక్కి లాగి, తిప్పి,
తలుపుకు ఎదురుగా కూర్చున్నాడు,
మేకులు చూస్తూ.
"నాన్న దీని అవతల నిలబడి
రేవులో ఓడలు లెక్కపెట్టేవాడు" అన్నాడు చాలాసేపటికి.
"లెక్క ఎప్పుడూ తప్పే.
ఒకటి ఎక్కువ వచ్చేది."

నేను గడప దగ్గర నిమ్మకాయ వదిలాను.
కొత్తగా ఏది సర్దినా నా పరీక్ష అదే.
ఇన్నేళ్ళూ సముద్రం వాసన పట్టినట్టు
కిటికీ వైపే పోయేది.
ఇవాళా అటే బయల్దేరి,
స్తంభం దగ్గర కాస్త ఆలోచించి,
మళ్ళి వెళ్ళి
నిబాల్దో చెప్పు దగ్గర ఆగింది.

నేల మనసు మార్చుకుంది.
ఇప్పుడా టికెట్లన్నీ లాగి
అవతలి కాళ్ళ కింద పెట్టాలి.
చాలేట్టు లేవు.
"వచ్చేటప్పుడు ఇంకో నాలుగు కొనుక్కురా"
అన్నాను.